ఔషధ మొక్కలు, వేళ్లలోని శిలీంధ్రాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

బెంగళూరులో మేడల మీద, బాల్కనీల్లో, నగరం అంచున ఉన్న చిన్న తోటల్లో తులసి, అశ్వగంధ, నేలవేము, సరస్వతి ఆకు వంటి మందు మొక్కలు పెంచుతున్న తెలుగువారి నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు సందేహాల చుట్టూనే తిరిగాయి. రసాయన ఎరువులు వద్దనుకున్న తరువాత ఏ సహజ ఎరువు ఎంత వేయాలన్నది ఒకటి. దుకాణాల్లో పొట్లాలుగా దొరుకుతున్న వామ్ (వేళ్లలో చేరి మొక్కకు పోషకాలు తెచ్చే మైకోరైజా), ట్రైకోడెర్మా (వేరు తెగుళ్లను అడ్డుకునేది) వంటి శిలీంధ్రాలు నిజంగా పనిచేస్తాయా అన్నది మరొకటి. మనం వేసే ఎరువును బట్టే ఆ శిలీంధ్రాలు వేళ్ల దగ్గర నిలుస్తాయో లేదో తేలుతుంది కనుక, ఈ ఉత్తరాలను ఒకేచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో తులసి, వాము ఆకు, తిప్పతీగ కుండీల్లో పెంచుతున్నాను. వామ్ పొడి వేస్తే మొక్కలు బలంగా పెరుగుతాయని విని, ఒక పొట్లం కొని కుండీలన్నిటిలో మట్టి పైన చల్లి నీళ్లు పోశాను. ఎముకల పొడి కూడా ప్రతి నెలా వేస్తున్నాను. రెండు నెలలు గడిచినా తేడా ఏమీ కనిపించడం లేదు. నాకు అమ్మిన పొడి నకిలీదంటారా?
ఒక గృహిణి, మారతహళ్లి

జవాబు: పొడిని అనుమానించే ముందు అది మొక్క వేళ్లను చేరిందా లేదా అని చూడాలమ్మా. వామ్ అన్నది ప్రాణమున్న శిలీంధ్రం. సజీవమైన వేరు తగిలితేనే అది నిలదొక్కుకుంటుంది. వేరు లోపలి కణాల్లోకి చొచ్చుకొని, అక్కడ సన్నని కొమ్మలుగా చీలి, మొక్కతో ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెడుతుంది. మట్టి పైన చల్లిన పొడి ఎండకు ఎండి, నీటికి పక్కకు కొట్టుకుపోతుందే తప్ప కింది వేళ్ల దాకా దిగడం అరుదు. మొక్కను నాటేటప్పుడే గుంటలో 5 నుంచి 10 గ్రాముల పొడి వేసి, వేళ్లు నేరుగా దానికి తగిలేలా మొక్కను నిలబెట్టడం సరైన పద్ధతి. ఇప్పటికే కుదురుకున్న మొక్కలైతే కాండానికి కొంచెం ఎడంగా మూడు నాలుగు చోట్ల వేళ్ల లోతు వరకు సన్నని పుల్లతో రంధ్రాలు చేసి, వాటిలో పొడి పోసి, మట్టి కప్పి నీళ్లు పోయండి. కుండీ మార్చేటప్పుడు వేస్తే ఇంకా మంచిది.

ఇక ఎముకల పొడి సంగతి. ఈ శిలీంధ్రం మొక్కకు చేసే ప్రధానమైన సాయం భాస్వరాన్ని తెచ్చి ఇవ్వడం. భాస్వరం మట్టిలో నీటితోపాటు సులభంగా కదిలే పోషకం కాదు. మన బెంగళూరు ఎర్రమట్టిలో ఇనుము, అల్యూమినియం దాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి కనుక, వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరం అయిపోయాక పక్కనే నిల్వ ఉన్నా మొక్కకు అందదు. వేరు నూగు కంటే ఎంతో సన్నగా ఉండే శిలీంధ్రపు పోగులు ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం వెళ్లి భాస్వరాన్ని, జింకును, కొంత నీటిని తెస్తాయి. అందుకు ప్రతిఫలంగా మొక్క తన ఆకుల్లో తయారుచేసుకున్న ఆహారంలో 4 నుంచి 20 శాతం వరకు శిలీంధ్రానికి ఇస్తుందని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. భాస్వరం వేళ్ల దగ్గరే పుష్కలంగా దొరికినప్పుడు మొక్కకు ఈ ఖర్చు పెట్టవలసిన అవసరం ఉండదు. అది శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వడం తగ్గించుకుంటుంది. ఎముకల పొడిలో ఉన్నది ముఖ్యంగా భాస్వరమే. ఒక చేత్తో వామ్ వేసి, మరో చేత్తో నెలనెలా ఎముకల పొడి వేయడం వల్ల రెండింటి మీదా పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. వచ్చే ఆరు నెలలు ఎముకల పొడి పూర్తిగా మానేయండి.

మీ బాల్కనీలోకి ఎండ ఎంతసేపు వస్తుందో ఉత్తరంలో రాయలేదు. ఎత్తైన భవనాల మధ్య రోజుకు రెండు గంటల ఎండ కూడా పడని బాల్కనీలు నగరంలో చాలా ఉన్నాయి. ఎండ చాలని తులసి తనకు తానే ఆహారం సరిపడా చేసుకోలేదు, ఇక శిలీంధ్రానికి ఏం పెడుతుంది? అలాంటి చోట వామ్ వేసినా ప్రయోజనం కనిపించదు. నాలుగైదు గంటలు నేరుగా ఎండ పడే చోటికి తులసిని మార్చగలిగితే మార్చండి. తిప్పతీగ, వాము ఆకు పాక్షికమైన నీడను ఓర్చుకుంటాయి.

శిలీంధ్రం వేళ్లలో స్థిరపడడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తరువాత కూడా ఆకులు ఒక్కసారిగా పెద్దవైపోతాయని ఎదురుచూడకండి. ఎండకాలంలో మొక్క తొందరగా వాడిపోకుండా తట్టుకోవడం, నాటిన మొక్కలు తక్కువగా చనిపోవడం, లేత ఆకులు పాలిపోకుండా ఉండడం దాని గుర్తులు. వేరును కంటితో చూసి శిలీంధ్రం ఉందో లేదో చెప్పడం సాధ్యం కాదు. సన్నని వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూస్తేనే తెలుస్తుంది. పొట్లం కొనేటప్పుడు మాత్రం గ్రాముకు ఎన్ని సిద్ధబీజాలు ఉన్నాయో, ఎప్పుడు తయారైందో, గడువు ఎప్పటివరకో ముద్రించి ఉన్నదే తీసుకోండి. ఎండలో పేర్చిన పొట్లాలను తీసుకోవద్దు.

ప్రశ్న: వామ్ పొట్లం ప్రతిసారీ కొనాలా? పెరుగు తోడువేసినట్టు ఒకసారి తెచ్చినదాన్ని ఇంట్లోనే పెంచుకోలేమా?
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మల్లేశ్వరం

జవాబు: పెంచుకోవచ్చునండీ, అయితే దానికి మొక్క తప్పనిసరి. ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రాలను బియ్యపు గంజిలోనో, ప్రయోగశాలలో గాజుగిన్నెలోనో పెంచవచ్చు. వామ్ మాత్రం బతికి ఉన్న వేరు లేకుండా తన జీవితచక్రాన్ని పూర్తిచేసుకోలేదు. స్కాట్లాండ్‌లోని రైనీ అనే చోట దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్లనాటి శిలాజాల్లో, అసలు వేళ్లు ఇంకా సరిగా ఏర్పడని తొలి నేలమొక్కల లోపల కూడా ఈ శిలీంధ్రపు ఆకారాలు స్పష్టంగా కనిపించాయి. అంతటి పాత సాంగత్యాన్ని విడదీసి, వేరు లేకుండా ఇంట్లో పెంచడం వీలుపడదు.

ఇంట్లో చేయదలచుకుంటే రాగి పైరు మనకు చక్కగా సరిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక సమపాళ్లలో కలిపి తడిపి, ఏప్రిల్, మే నెలల్లో పారదర్శకమైన ప్లాస్టిక్ పట్ట కింద మూసి నాలుగైదు వారాలు ఎండలో ఉంచండి. ఆ వేడికి మట్టిలోని తెగుళ్ల శిలీంధ్రాలు, పురుగుల గుడ్లు చాలావరకు నశిస్తాయి. ఆ మట్టిని కుండీల్లో నింపి, రెండంగుళాల లోతున వామ్ పొడిని పలుచని పొరగా పరచి, పైన మట్టి కప్పి రాగులు చల్లండి. ఎరువు వేయకండి. మరీ పాలిపోతే పలుచని వేప పిండి నీళ్లు ఒకసారి పోస్తే చాలు. పది పన్నెండు వారాల తరువాత నీళ్లు ఆపి, పైరును ఎండనిచ్చి, పైభాగం కోసివేసి, వేళ్లను సన్నగా తరిగి అదే మట్టిలో కలిపి నీడన ఆరబెట్టండి. ఆ మట్టీ వేళ్లూ కలిసిన మిశ్రమమే మీ వామ్. మొక్కకు గుప్పెడు చొప్పున వేయండి. సిద్ధబీజాల సంఖ్య అందులో ఎంత ఉందో కొలిచే వీలు ఇంట్లో ఉండదు కనుక కొన్న పొడికంటే మోతాదు ఎక్కువగా ఉండాలి.

రాగి, మొక్కజొన్న, జొన్న వంటి గడ్డిజాతి పైర్లనే ఇందుకు వాడడానికి కారణం ఉంది. వాటికి వచ్చే వేరు తెగుళ్లు చాలావరకు తులసికి, అశ్వగంధకు రావు. అందువల్ల పెంచిన మట్టితోపాటు తెగులును కూడా మోసుకెళ్లే ప్రమాదం తగ్గుతుంది. ఆవ, ముల్లంగి, పాలకూర, తోటకూరల కుటుంబాల మొక్కలు సాధారణంగా ఈ శిలీంధ్రాన్ని వేళ్లలోకి రానివ్వవు. వాటిని పెంచిన కుండీలో వామ్ వృద్ధి చెందుతుందని ఆశపడవద్దు.

ప్రశ్న: మేడ మీద పెద్ద సంచుల్లో అశ్వగంధ వేశాను. వారం వారం జీవామృతం, పదిహేను రోజులకొకసారి నానబెట్టిన వేరుశనగ పిండి నీళ్లు పోస్తున్నాను. మొక్కలు నడుము ఎత్తుకు పెరిగి పచ్చగా కళకళలాడుతున్నాయి. ఒకదాన్ని పీకి చూస్తే వేరు మాత్రం పెన్సిలంత కూడా లేదు. ఇంకేం ఎరువు వేయాలి?
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, యలహంక

జవాబు: ఇంకే ఎరువూ వేయవద్దు, వేస్తున్నది కూడా ఆపండి. అశ్వగంధ బీదనేలల మొక్క. మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మంద్‌సౌర్ ప్రాంతాల్లోను, మన కర్నూలు, అనంతపురం వైపునా తేలికపాటి నేలల్లో, తక్కువ నీటితో రైతులు దాన్ని పండిస్తున్నారు. వేరుశనగ పిండిలో సుమారు 7 శాతం నత్రజని ఉంటుంది. వర్మీకంపోస్టులో ఉండే నత్రజని ఒకటి ఒకటిన్నర శాతమే. ఇంత నత్రజని పదిహేను రోజులకొకసారి అందుతుంటే మొక్క ఆకును, కొమ్మను పెంచుకుంటుంది, వేరులో ఆహారం దాచుకోవలసిన అవసరం దానికి కలగదు. మనం అశ్వగంధను పెంచేదే వేరు కోసం. ఆకుకూరకు మేలు చేసిన ఎరువే ఈ మొక్కకు కీడు చేయడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తోంది.

జీవామృతం విషయంలో ఒక అపోహ ఉంది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి రెండు రోజులు పులియబెట్టే ఈ ద్రవాన్ని సహజ వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చారు. దీనిలోని పోషకాలు స్వల్పం. ప్రధానంగా ఇది మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారం, ఊతం. పొలంలో దానికి తగిన సేంద్రియ పదార్థం, మల్చింగ్ (నేలను కప్పే ఆకులు, గడ్డి) ఉంటాయి. రెండడుగుల సంచిలో వారం వారం బెల్లపు నీరు పోస్తే మట్టి ఎప్పుడూ తడిగా, గాలి ఆడకుండా మారుతుంది. అశ్వగంధ వేళ్లు కుళ్లడానికి అంతకంటే అనుకూలమైన పరిస్థితి ఉండదు. నెలకు ఒకసారి, పది రెట్ల నీటిలో కలిపి పోస్తే కుండీ మొక్కకు చాలు.

వచ్చే పంటకు ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, ఒకటిన్నర అడుగుల లోతైన సంచులు వాడండి. విత్తేటప్పుడే గింజల కింద వామ్ వేయండి. మొలిచిన తరువాత సంచికి ఒకటి రెండు మొక్కలే ఉంచి మిగిలినవి తీసివేయండి. పై అంగుళం మట్టి ఎండిన తరువాతే నీళ్లు పోయండి. 150 నుంచి 180 రోజుల్లో ఆకులు పసుపుబారి, పండ్లు ఎర్రబడినప్పుడు వేరు తవ్వాలి. ప్రస్తుతం ఉన్న మొక్కలను పీకవద్దు. నీళ్లు తగ్గించి చివరి వరకు ఉంచితే వేరు కొంత లావెక్కే అవకాశం ఇంకా ఉంది.

ప్రశ్న: నేలవేము, తులసి విత్తనాలు ట్రేలలో పోస్తే రెండాకుల దశలోనే మొదలు దగ్గర మెత్తబడి పడిపోతున్నాయి. నర్సరీ వారి సలహాపై కార్బెండజిమ్ మందు చల్లి, మరుసటి రోజు ట్రైకోడెర్మా కూడా పోశాను. అయినా ఆగలేదు.
ఒక పాఠకురాలు, జయనగర్

జవాబు: మీరు వర్ణించినది నారుకుళ్లు తెగులు. తడి ఎక్కువైన నారుమడుల్లో దీనికి చాలాసార్లు కారణం పిథియం. చూడడానికి బూజులాగే ఉన్నా అది అసలైన శిలీంధ్రాల వర్గానికి చెందదు. అందుకే శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ దాన్ని ఏమీ చేయలేదు. అయితే ట్రైకోడెర్మా అసలైన శిలీంధ్రం, కార్బెండజిమ్‌కు అది తట్టుకోలేదు. అంటే ముందు రోజు చల్లిన మందు తెగులును వదిలేసి, మరుసటి రోజు వేసిన మిత్రుడిని చంపింది. ఔషధ మొక్కల నారుకు ఇటువంటి మందులు అసలు వాడవద్దని నా సలహా. తప్పక వాడవలసి వచ్చిన చోట కూడా ట్రైకోడెర్మాకు, దానికి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి.

ట్రైకోడెర్మా తెగులు వచ్చిన తరువాత నయం చేసే మందు కాదు. ముందుగా వచ్చి చోటు ఆక్రమించుకోవడం దాని బలం. వేళ్ల చుట్టూ అది త్వరగా పెరిగి తెగులు శిలీంధ్రాలకు ఆహారం దొరకకుండా చేస్తుంది, వాటి పోగులను చుట్టుకొని గోడలను కరిగించే ఎంజైములను వదులుతుంది. కాబట్టి విత్తనం వేయడానికి పదిహేను రోజుల ముందే దాన్ని ఎరువులో వృద్ధి చేసి పెట్టుకోవాలి. పొలాలకు 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేప పిండి, ఒకటి రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలుపుతారు. మీ అవసరానికి 9 కిలోల ఎరువు, ఒక కిలో వేప పిండి, 100 నుంచి 200 గ్రాముల పొడి సరిపోతాయి. పిడికిట్లో పిండితే ముద్దగా నిలిచి, నీరు కారని తేమ ఉండేలా నీళ్లు చిలకరించి, నీడలో కుప్పగా పోసి తడి గోనెసంచి కప్పండి. మూడు నాలుగు రోజులకొకసారి కలియబెట్టండి. పదిహేను రోజులకు కుప్పలో తెల్లగానో, ఆకుపచ్చగానో శిలీంధ్రం అల్లుకొని కనిపిస్తుంది. పచ్చి పేడలో మాత్రం కలపవద్దు, కుళ్లేటప్పుడు పుట్టే వేడికి అది చనిపోతుంది.

ఈ ఎరువును నారుమట్టిలో పదోవంతు కలపండి. విత్తనానికి కూడా కిలోకు 4 గ్రాముల చొప్పున పొడి పట్టించవచ్చు. నేలవేము, తులసి విత్తనాలు చాలా చిన్నవి కనుక వాటిని ఇసుకతో కలిపి పలుచగా చల్లండి. ఒత్తుగా మొలిచిన నారులో ఒక మొక్క నుంచి మరొక దానికి తెగులు గంటల్లో పాకుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నగరంలో కురిసే సాయంత్రపు వానలకు ట్రేలు తడవకుండా పైకప్పు కింద పెట్టండి. కొబ్బరి పొట్టు వాడుతుంటే రెండు మూడు సార్లు కడిగి, ఉప్పు పోగొట్టి వాడండి.

ప్రశ్న: చింతామణి దగ్గర మాకు ఎకరన్నర పొలం ఉంది. కోలియస్ అనే మందుదుంప వేశాము. మధ్యాహ్నం మొక్కలు వాడిపోతున్నాయి, పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు ఉన్నాయి. కొన్ని మొక్కలు పూర్తిగా ఎండిపోయాయి. సేంద్రియ పద్ధతిలోనే చేయాలని ఉంది.
ఒక రైతు, బెంగళూరులో నివాసం

జవాబు: బుడిపెలు వేరుబుడిపె నులిపురుగుల పని. కంటికి కనిపించనంత చిన్నవైన ఈ పురుగులు వేరులోకి దూరి, అక్కడి కణాలను ఉబ్బించి, వాటి మీద బతుకుతాయి. అవి చేసిన గాయాల ద్వారా ఫ్యుసేరియం వంటి ఎండుతెగులు శిలీంధ్రాలు, కొన్ని బ్యాక్టీరియాలు కూడా ప్రవేశిస్తాయి. కోలియస్‌కు ఇది పాత బెడద. ఎండిపోయిన మొక్కలను వేళ్లతో సహా తీసి కాల్చివేయండి. ఎరువుకుప్పలో ఎంతమాత్రం వేయవద్దు. ఆ వరుసలో పారిన నీరు మంచి వరుసల్లోకి వెళ్లకుండా చూడండి.

నిలిచి ఉన్న పంటను పూర్తిగా బాగుచేయడం కష్టమని మీకు ముందే చెప్పడం మంచిది. మిగిలిన మొక్కల మొదళ్లలో వేప పిండి వేసి మట్టి ఎగదోయండి. నులిపురుగుల గుడ్లను తినే పర్ప్యూరియోసిల్లియం లిలాసినం అనే శిలీంధ్రం పొడిగా దొరుకుతుంది. పాత పొట్లాల మీద దీనినే పాసిలోమైసిస్ అని రాసేవారు. దీన్ని కూడా ట్రైకోడెర్మాలాగే చివికిన ఎరువులో, వేప పిండిలో వృద్ధి చేసి వేయాలి. పొడిని నేరుగా పొలంలో చల్లితే ఆ శిలీంధ్రానికి తినడానికి, తలదాచుకోవడానికి ఏమీ ఉండదు.

అసలు మార్పు వచ్చే పంటకు ముందు జరగాలి. వేసవిలో రెండుసార్లు లోతుగా దున్ని మట్టిని ఎండనివ్వండి. ఒక పంటకాలం బంతిపూల మొక్కలు వేయండి. బంతి వేళ్ల నుంచి వెలువడే పదార్థాలు ఈ నులిపురుగులను అణచివేస్తాయి, పైగా మీ ప్రాంతంలో బంతిపూలకు బెంగళూరు మార్కెట్ చేరువలోనే ఉంది. టమాట, వంకాయ, మిరప వేసిన మడిలో వెంటనే కోలియస్ వేయవద్దు, అవన్నీ ఈ పురుగుకు ఇష్టమైన పంటలే. కోలియస్ కొమ్మలను తెగులు లేని తోట నుంచి తెచ్చి, వామ్ కలిపిన మట్టిలో వేళ్లు వేయించిన తరువాత పొలంలో నాటండి. ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ శాస్త్రవేత్తలు వామ్‌ను, సూడోమోనాస్ అనే మేలు చేసే బ్యాక్టీరియాను కోలియస్ పొలాల్లో పరీక్షించి, ఎండుతెగులు తగ్గడం గమనించారు. తెగులు లేకుండా పోతుందని దీని అర్థం కాదు. తగ్గిన మేరకే రైతు గట్టెక్కిన పంటలు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: కుండీలో పసుపురంగు చిన్న పుట్టగొడుగులు వచ్చాయి. ఎరువు సంచిలో తెల్లని దారాలు కూడా ఉన్నాయి. పారవేయాలా?
ఒక విద్యార్థిని, కె.ఆర్. పురం

జవాబు: అక్కరలేదమ్మా. కుళ్లిన ఆకును, కొబ్బరి పొట్టును తిని మట్టిగా మార్చే శిలీంధ్రాలు అవి, మొక్కకు హాని చేయవు. పుట్టగొడుగులను మాత్రం ఎవరూ తినకూడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వచ్చినవి వచ్చినట్టు తీసివేయండి.

ప్రశ్న: వామ్ వేసి పెంచిన తులసిలో ఔషధగుణం ఎక్కువగా ఉంటుందని చెబుతున్నారు, నిజమేనా? ఉదయం పచ్చి తులసి ఆకులు నమిలే అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. ఆకుల మీద పంచగవ్యం చల్లవచ్చునా?
ఒక పాఠకుడు, బసవనగుడి

జవాబు: మొదటి మాటలో నిజం ఉంది, ప్రచారంలో చెప్పినంత లేదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ అనే మందు ఆర్టెమిసియా అనువా మొక్క ఆకుల నుంచి వస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో, వామ్ శిలీంధ్రాలున్న మొక్కల ఆకుల్లో ఆర్టెమిసినిన్ పెరిగింది, ఆ పదార్థం తయారయ్యే నూగుగ్రంథులు కూడా ఆకు మీద ఒత్తుగా వచ్చాయి. తులసికి దగ్గరి బంధువైన రుద్రజడ జాతి మీద ఇటలీలో చేసిన ప్రయోగాల్లో సువాసన తైలం పెరిగింది. అయితే ఏ శిలీంధ్రం, ఏ మట్టి, ఏ మొక్క అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒక జాతి శిలీంధ్రం తైలాన్ని పెంచితే మరొకటి మొక్క సైజును మాత్రమే పెంచవచ్చు. మంచి విత్తనం, చాలినంత ఎండ, సరైన సమయంలో కోత అన్నవి తులసి గుణాన్ని శిలీంధ్రం కంటే ఎక్కువగా నిర్ణయిస్తాయి. పూత మొదలైనప్పుడు కోసిన తులసికి ఘాటు ఎక్కువ.

రెండవదానికి నా జవాబు స్పష్టంగా వద్దు. పంచగవ్యంలో పేడ, మూత్రం, పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. తమిళనాడులో కొడుముడికి చెందిన డాక్టర్ కె. నటరాజన్ దీనికి కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, బెల్లం చేర్చి పంటలకు వాడుకలోకి తెచ్చారు. 3 శాతం ద్రావణంగా, అంటే లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల చొప్పున చల్లుతారు. దాని మేలును నేను కాదనను. కానీ పేడలో మనిషికి విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా ఉండవచ్చు, పులియబెట్టినంత మాత్రాన అది పూర్తిగా చనిపోయిందని భరోసా లేదు. ఉడకబెట్టకుండా నమిలే ఆకు మీద దాన్ని చల్లడం క్షేమం కాదు. పంచగవ్యాన్ని, జీవామృతాన్ని మట్టిలోనే, ఆకులకు చింది పడకుండా పోయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల సాగుకు 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పశువుల ఎరువును పూర్తిగా చివికించిన తరువాతే వాడాలని, మానవ వ్యర్థాలను అసలు వాడకూడదని ఉంది. ఎరువు కుప్ప లోపల 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిచి, బయటి భాగం కూడా లోపలికి వచ్చేలా చాలాసార్లు తిరగవేస్తేనే అది చివికినట్టు. సరస్వతి ఆకు నేలకు అంటుకొని పాకుతుంది కనుక దాని విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

ప్రశ్న: మా ఊళ్లో పొలాలకు చెరువు మట్టి తోలేవారు. బెళ్లందూరు వైపు ఒక చెరువు నుంచి తీసిన ఒండ్రు ఉచితంగా ఇస్తామంటున్నారు. మందు మొక్కలకు వాడవచ్చునా?
ఒక పాఠకుడు, సర్జాపుర రోడ్డు

జవాబు: వాడవద్దు. వాననీటితో నిండే పల్లె చెరువు మట్టి వేరు, నగరపు మురుగు, కర్మాగారాల నీరు ఏళ్ల తరబడి చేరిన చెరువు ఒండ్రు వేరు. బెళ్లందూరు చెరువు నురుగు, దాని మీద లేచిన మంటలు అందరూ చూసినవే. అటువంటి ఒండ్రులో సీసం, కాడ్మియం వంటి లోహాలు ఉండే అవకాశం ఎక్కువ. చివికించినా, పులియబెట్టినా లోహం ఎక్కడికీ పోదు. సరస్వతి, నీటి బ్రాహ్మి వంటి తడినేల మొక్కలు వాటిని పీల్చి ఆకుల్లో దాచుకోగలవు. పూలమొక్కలకు కూడా పరీక్ష చేయించిన తరువాతే వాడండి.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకోవడానికి, నమ్మకమైన శిలీంధ్రాలు కొనడానికి బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి? మా ఇంట్లో కుక్క ఉంది, ఏ ఎరువులతో జాగ్రత్త పడాలి?
ఒక దంపతులు, హెబ్బాళ

జవాబు: మీ ఇంటికి చేరువలోనే వ్యవసాయ విశ్వవిద్యాలయపు జి.కె.వి.కె. ఆవరణ ఉంది. ఈ నగరంలో వామ్ మీద దశాబ్దాలుగా పరిశోధన సాగింది. ప్రొఫెసర్ డి.జె. బాగ్యరాజ్ అక్కడ చేసిన కృషి దేశమంతా తెలిసినది. ఔషధ, సుగంధ మొక్కల సంస్థ అయిన సీమాప్ పరిశోధన కేంద్రం కూడా ఆ పక్కనే అల్లాళసంద్రలో ఉంది. యలహంక దగ్గర 1993లో మొదలైన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థ ఔషధ వనంలో మొక్కలను సరిగా గుర్తుపట్టడం నేర్చుకోవచ్చు. ఒక మొక్క పేరుతో మరొకటి అమ్మే నర్సరీలు ఉన్నందున ఇది చాలా అవసరం. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే మిశ్రమాన్ని రూపొందించింది. అది నత్రజనిని స్థిరపరచే, భాస్వరాన్ని, జింకును కరిగించే బ్యాక్టీరియాల మిశ్రమం. వామ్‌కు బదులు కాదు, రెండింటినీ కలిపి వాడుకోవచ్చు.

కుక్క ఉన్న ఇంట్లో ఆముదం పిండి వాడకండి. దాని వాసనకు కుక్కలు మట్టి తవ్వి తింటాయి. అందులో మిగిలి ఉండే రైసిన్ అనే విషం వాటి ప్రాణం తీయగలదు. ఎముకల పొడితో ఆముదం పిండి కలిపి అమ్మే మిశ్రమాలు ఇంకా ప్రమాదం. సంచి మీద ఏమేమి కలిపారో రాసి లేకపోతే ఆ ఎరువును ఇంట్లోకి తేవద్దు. వేప పిండి చేదు కనుక కుక్కలు సాధారణంగా ముట్టవు, అయినా దాన్ని మట్టి పైన వదలకుండా రెండంగుళాల లోతున కలిపి నీళ్లు పోయండి.